హెడ్డు పగిలింది సరే, ఎందుకు పగిలిందో చూశారా?

గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు పల్లె నుంచి ఒక రైతు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. అన్నదమ్ములిద్దరికీ కలిపి మూడు సిలిండర్ల ట్రాక్టరు ఒకటి ఉంది. కొన్నప్పుడు మొదటి సొమ్ము కట్టింది బరంపురంలో ఉద్యోగం చేస్తున్న అన్నయ్య. తోలేదీ, కిరాయికి తిప్పేదీ, బ్యాంకు వాయిదాలు కట్టేదీ తమ్ముడైన ఈయన. ఈ ఏడు దమ్ముల రోజుల్లో ఈయనకు జ్వరం తగిలితే భార్య తమ్ముడు రెండు రోజులు బండి తోలాడు. రెండోనాడు మధ్యాహ్నం, మడిలో దిగబడకుండా వేసే ఇనుప కేజ్ వీల్స్‌తో మడిలో ఉండగా రేడియేటరు మరిగిపోయి ఆవిరి ఎగజిమ్మింది. కుర్రాడు కంగారుపడి ఇంజిను ఆపేసి, కాసేపటికి మూత తీసి, పక్కనున్న గెడ్డలోంచి రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి పోసేశాడు. ఆ సాయంత్రం నుంచి స్టార్టు చేస్తే చాలు రేడియేటరులో బుడగలు, సైలెన్సరులోంచి తెల్లటి ఆవిరి. పర్లాకిమిడి మిస్త్రీ హెడ్డు (సిలిండర్ల మీద బిగించే పోత ఇనుప దిమ్మ) దించి చూస్తే రెండో సిలిండరు దగ్గర రెండు వాల్వు సీట్ల (వాల్వులు ఆనే చోట్ల) నడుమ సన్నటి గీత కనిపించింది.

అక్కణ్ణించి తలా ఒక మాట. కొత్త హెడ్డు, వాల్వులు, గైడ్లు (వాల్వు కాడలు ఆడే గొట్టాలు), కూలీ కలిపి 38,000 రూపాయలవుతుందని షోరూములో చెప్పారు. మిస్త్రీ ఏమో వెల్డింగు పెట్టి ఫేసింగు (కింది ముఖం గీసి చదును చెయ్యడం) కొట్టిస్తే 7,000లో అయిపోతుంది, గ్యారంటీ మాత్రం అడగొద్దు అన్నాడు. పాత సామాన్ల దుకాణంలో విప్పిన బండి హెడ్డు 10,000కి ఉందని ఇంకొకరి మాట. కొత్తదే వెయ్యాలి, ఆ ఖర్చు నీ బావమరిదే పెట్టుకోవాలి అని అన్నయ్య పట్టుబడుతున్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇంట్లో ఆవిడ ముభావం. ఉభాలు, అంటే నాట్లు, నెత్తిమీదికి వచ్చేశాయి. ఉత్తరంలో అక్కడక్కడా ఇంకో నాలుగు సంగతులు ఉన్నాయి: సంక్రాంతి నుంచీ రెండు మూడు రోజులకోసారి లీటరు నీళ్ళు పోయాల్సి వస్తోంది, కింద మాత్రం చుక్క కారడం లేదు, నీటి వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాటును రెండేళ్ళ కిందటే తీసేశారు, రేడియేటరు మూత స్ప్రింగు పోతే గుడ్డ చుట్టి బిగిస్తున్నారు, పోసేవి బోరు నీళ్ళు. ఆయన అడిగినవి రెండు. హెడ్డు బాగు చేయించాలా, మార్చాలా? తప్పు నిజంగా బావమరిదిదేనా?

సమాధానం

మీరు అడిగిన వరసను తిరగేసి, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. కుర్రాడి తప్పు ఎంతో తేలితే, హెడ్డుకు ఏం చెయ్యాలన్నదీ సగం తేలిపోతుంది.

సంక్రాంతి నుంచీ నీళ్ళు తగ్గుతున్నాయని మీరే రాశారు. బయట ఎక్కడా తడి లేకుండా నీళ్ళు తగ్గుతున్నాయంటే దారులు రెండే ఉంటాయి. మూత దగ్గర ఆవిరైపోవాలి, లేదంటే లోపల్లోపల సిలిండరులోకో ఆయిల్లోకో దిగాలి. మొదటిది మీ బండిలో ఖాయంగా ఉంది. రెండోది కూడా ఉండే అవకాశం తక్కువేం కాదు. ఏ దారిన పోయినా, కుర్రాడు స్టీరింగు పట్టుకోడానికి నెలల ముందే ఆ ఇంజినుకు జబ్బు పట్టింది.

రేడియేటరు మూతలో ఉన్న స్ప్రింగు లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. 0.9 బార్ మూత సరిగ్గా పట్టుకుంటే నీళ్ళు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. గుడ్డ చుట్టిన మూత ఒత్తిడి నిలపదు కాబట్టి 100కే మరిగిపోతాయి. ఎండలో, మడిలో, కేజ్ వీల్స్‌తో లాగుతున్న ఇంజినులో నీళ్ళు 90 దాటి ఉండటం మామూలే. అంటే మీ బండి ఇన్నాళ్ళూ అంచు మీదే నడిచింది. నీళ్ళు మరిగిన చోట ఆవిరి నిలబడితే అక్కడి ఇనుముకు నీరు తగలదు. హెడ్డులో ఎక్కువ కాలేదీ, నీటి దారి బాగా ఇరుగ్గా ఉండేదీ ఒకే చోట: ఇన్‌టేకు (గాలి వచ్చే) సీటుకూ ఎగ్జాస్టు (పొగ పోయే) సీటుకూ నడుమ ఉన్న సన్నటి భాగం. మిస్త్రీలు దాన్ని బ్రిడ్జి అంటారు. మీ హెడ్డు పగిలింది అక్కడే. బోరు నీళ్ళలోని సున్నం అదే ఇరుకు దారిలో పొరలుగా పేరుకుంటుంది, ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు.

ఇక థర్మోస్టాటు. అది తీసేస్తే ఇంజిను చల్లగా ఉంటుందన్నది మన వైపు పాతుకుపోయిన నమ్మకం. చాలా ఇంజిన్లలో థర్మోస్టాటు తెరుచుకుంటూ రేడియేటరు దారి ఇస్తుంది, అదే సమయంలో బైపాసు దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాసు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత నీరు రేడియేటరు ముఖం చూడకుండానే తిరిగి ఇంజినులోకి పోతుంది. తేలిక పనిలో ఇంజిను వేడెక్కక ఆయిలు చెడుతుంది, పిస్టన్లు ఆడే గొట్టాలు, అంటే లైనర్లు, అరుగుతాయి. బరువు పనిలో చల్లారక మరుగుతుంది. మీ ఇంజినుది ఏ రకమో విడిభాగాల పుస్తకంలో ఒక్క చూపులో తెలుస్తుంది. ఏ రకమైనా కొత్త థర్మోస్టాటు వెయ్యండి. వేసే ముందు గిన్నెలో నీళ్ళు కాచి అందులో ముంచి చూడండి. దాని మీద 82 అని కొట్టి ఉంటే సుమారు ఆ వేడికి తెరుచుకోవడం మొదలవ్వాలి.

మరి బకెట్లు? కుర్రాడు చేసింది తప్పే. కాలిన పోత ఇనుము మీద చల్లటి నీరు పడితే పైపొర ఒక్కసారిగా ముడుచుకుంటుంది, లోపలిది ముడుచుకోదు. పోత ఇనుము సాగే గుణం లేనిది, అందుకని చీలుతుంది. పైగా ఇంజిను ఆగి ఉంది, నీళ్ళు కలిసి తిరిగే వీలు లేదు. గెడ్డ నీళ్ళు నేరుగా కాలిన చోటికే పోయాయి. కానీ మరిగినప్పుడు ఏం చెయ్యాలో అతనికి ముందే ఎవరైనా చెప్పారా? పద్ధతి ఇది. మరిగినట్టు కనిపించగానే గేరు తీసి, పీటీవో (పనిముట్లకు ఇంజిను బలమిచ్చే ఇరుసు) వదిలేసి, రేడియేటరులో ఇంకా నీళ్ళుంటే ఇంజినును స్లోలో ఆడనివ్వాలి, ఫ్యాను దాన్ని మెల్లగా చల్లారుస్తుంది. నీళ్ళు పూర్తిగా పోయి ఉంటే మాత్రం వెంటనే ఆపేసి, హెడ్డు మీద చెయ్యి పెట్టగలిగేదాకా, అంటే గంటో ఇంకా పైనో, ముట్టుకోకూడదు. ఆ తరవాత మందపాటి గుడ్డ వేసి మూతను మొదటి మెట్టు వరకే తిప్పి ఆవిరి పోనిచ్చి, ఇంజిను స్లోలో ఆడుతుండగా గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా పోయాలి. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి టూల్ బాక్సులో పెట్టండి, ఎవరు తోలినా పనికొస్తాయి.

పగులు పాతదో కొత్తదో తెలిపే ఆనవాలు ఒకటి దొరకొచ్చు. బాగు చేసే దారిలో సీటు కోయించాల్సి వస్తే, కోసిన చోట పగులు అంచుల్ని లేత్ మనిషితో పాటు మీరూ చూడండి. అంచు నల్లగా మసి పట్టో, తుప్పు పట్టో ఉంటే అది చాలా రోజుల నాటిది. ఇనుము రంగులో మెరుస్తుంటే కొత్తది. ఫోను కెమెరాతో ఫొటో తీసి అన్నయ్యకు పంపండి. బావమరిది వల్లనా కాదా అని మీరిద్దరూ ఫోన్లో ఎంత వాదించుకున్నా తేలనిది అందులో తేలొచ్చు.

ఇప్పుడు హెడ్డు సంగతి. మీకు మూడు ధరలు చెప్పారు కానీ, మీ ఉత్తరాన్ని బట్టి ఆ పగులు ఎంత లోతు పోయిందో ఒక్కరూ చూడలేదు. కంటికి కనిపించిన గీతను బట్టి షోరూము మార్చమంది, మిస్త్రీ అతికిస్తానన్నాడు. రెండూ ఊహే. ముందు పరీక్షలు చేయించండి. వీటికయ్యే ఖర్చు కొత్త హెడ్డు ధరలో ఒక మూలకు రాదు.

మొదట హెడ్డును బాగా కడిగించాలి. వాల్వులు, స్ప్రింగులు, డీజిలు చిమ్మే నాజిళ్ళు అన్నీ విప్పి, మసి గీకి, పోత ఇనుము హెడ్డే కాబట్టి వేడి కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టొచ్చు (అల్యూమినియం హెడ్డయితే ఆ పని చెయ్యకూడదు, తినేస్తుంది). కింది ముఖం మీద గ్రైండరు, ముతక ఎమెరీ తగలనివ్వకండి.

తరవాత ముఖం వంపు. నిఖార్సయిన స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి పొడవునా, అడ్డంగా, రెండు మూలల మీదుగా ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడాలి. ఈ తరహా హెడ్లలో 0.10 మిల్లీమీటరు దాటితే సాధారణంగా ఫేసింగు తప్పదు. మీ ఇంజిను మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. మరిగిన హెడ్డు వంగకుండా ఉండటం అరుదు.

పగులు పొడవు తెలియడానికి డై పెనిట్రెంట్ ఉంది. మూడు డబ్బాల సెట్టు, వెల్డింగు సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. శుభ్రం చేసిన చోట ఎర్ర రంగు కొట్టి పది పదిహేను నిమిషాలు ఆగాలి, క్లీనరు తడిపిన గుడ్డతో తుడవాలి, పైన తెల్లటి డెవలపరు పల్చగా కొట్టాలి. పగులు ఎక్కడి దాకా ఉందో అక్కడి దాకా ఎర్ర గీత ఊరుతుంది. క్లీనరును నేరుగా హెడ్డు మీద కొట్టి కడిగేస్తే పగుల్లోని రంగు కూడా పోతుంది, అక్కడే చాలామంది పొరపాటు పడతారు. మిగతా రెండు సిలిండర్ల బ్రిడ్జీలూ, నాజిల్ రంధ్రాల చుట్టూ కూడా ఇదే పనిగా చూడండి. ఒకటి పగిలిన హెడ్డులో రెండోది మొదలై ఉండటం కద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రెషర్ టెస్టు. హెడ్డులోని నీటి రంధ్రాలన్నిటినీ రబ్బరు షీటు, ఇనుప పలకలతో బిగించి, ఒక్కదాంట్లోంచి 2 నుంచి 3 బార్ గాలి ఎక్కించి, హెడ్డును వేడి నీళ్ళ తొట్టిలో ముంచాలి. చన్నీళ్ళలో ముంచి బాగుందని చెబితే నమ్మకండి. చాలా పగుళ్ళు చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటాయి, వేడెక్కితేనే తెరుచుకుంటాయి. చేతికి పట్టనంత వేడి నీళ్ళలో పావుగంట ఉంచి, బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడాలి. పర్లాకిమిడిలో చెయ్యకపోతే బరంపురంలోనో విశాఖ ఆటోనగర్‌లోనో ఇంజిను రీకండిషనింగు చేసే షాపులో చేయించండి. అన్నయ్య బరంపురంలోనే ఉన్నారు కాబట్టి ఆ పని ఆయనకే అప్పజెప్పితే ఇంకా మంచిది. తొట్టిలో బుడగలు తన కళ్ళతో చూసిన మనిషితో మాట్లాడటం సులువు.

బుడగలు బ్రిడ్జి దగ్గర రాకుండా నాజిల్ కూర్చునే రాగి స్లీవు చుట్టూనో, హెడ్డు పక్కనున్న డమ్మీ ప్లగ్గు (నీటి గది రంధ్రాన్ని మూసే బిళ్ళ) దగ్గరనో వచ్చాయనుకోండి, మీ సమస్య చాలా చిన్నది. డమ్మీ బయటికి కారుతుంది కాబట్టి మీ లక్షణాలకు అంతగా పొసగదు. స్లీవు కారితే మాత్రం అచ్చం హెడ్డు పగిలినట్టే రేడియేటరులో బుడగలు వస్తాయి. మీ హెడ్డులో స్లీవులు ఉంటే దాన్ని అనుమానించకుండా హెడ్డు పారేయడం అన్యాయం. అలాగే అసలు గాలి తప్పింది హెడ్డు ప్యాకింగు (హెడ్డుకూ, కింది బ్లాకుకూ నడుమ వేసే పలచటి పొర) దగ్గరే అయ్యుండొచ్చు. పాత ప్యాకింగు పారేశారా? ఉంటే రెండో సిలిండరు చుట్టూ ఉన్న రింగు మీద నల్లటి మసి దారి ఏమైనా నీటి రంధ్రం వైపు పోయిందేమో చూడండి.

బ్రిడ్జి మీద గీత ఉంది కానీ వేడి నీళ్ళలో కూడా బుడగ రాలేదంటే, అది పైపైన పగులు. అలాంటి చిన్న గీతలు నీటి గదిని చేరనంత వరకూ నడుపుకోవచ్చని కొన్ని ఇంజిన్ల మాన్యువళ్ళే ఒప్పుకుంటాయి, పొడవుకు హద్దు పెట్టి. గీత సీటు అంచును కోసుకుపోయి ఉంటే కంప్రెషను తప్పుతుంది. అప్పుడు ఆ చోట బోరు చేసి గట్టి సీటు రింగు, అంటే ఇన్‌సర్టు దిగ్గొడతారు. ఇన్‌సర్టు రంధ్రం కంటే మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా పెద్దదిగా ఉండి, దాన్ని బాగా చల్లబరిచి లేదా హెడ్డును వేడి చేసి కూర్చోబెట్టాలి. సుత్తితో వదులుగా దిగిపోయిన సీటు ఊడి పిస్టను మీద పడిందంటే అప్పుడయ్యే ఖర్చు ముందు ఈ 38,000 చిన్నదవుతుంది. ఈ దారిన అయితే సీటు పని, ఫేసింగు, వాల్వు గ్రైండింగు, ప్యాకింగు సెట్టు. చేతికి నిదానమున్న లేత్ మనిషి దొరికితే బాగు చేయించడానికే నా ఓటు.

బుడగలు బ్రిడ్జి పగుల్లోంచే వచ్చాయంటే కథ వేరు. ఇక్కడే మీ మిస్త్రీ చెప్పిన వెల్డింగు మాట వస్తుంది. వెల్డింగు పనికిరాదని అనను. ఏ వెల్డింగు అన్నదే అసలు ప్రశ్న. పోత ఇనుములో కార్బను సుమారు 3 శాతం పైచిలుకు ఉంటుంది. మామూలు ఇనుప రాడ్డుతో ఆర్కు కొట్టేస్తే కరిగిన లోహం ఆ కార్బనును పీల్చుకుని, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము వల్ల గబుక్కున ఆరిపోయి గాజులా పెళుసుబారుతుంది. ఆరేటప్పుడు ముడుచుకుంటూ పక్క ఇనుమును లాగుతుంది. ఫలితం, వెల్డింగు నిలుస్తుంది, దాని పక్కనే కొత్త పగులు మొదలవుతుంది. ఆ పెళుసు చోట సీటు కట్టరు కూడా దిగదు.

సరైన వేడి వెల్డింగుకు హెడ్డు మొత్తాన్ని కొలిమిలో గంటల తరబడి మెల్లగా 600 డిగ్రీల చుట్టుపక్కలకు, అంటే చీకట్లో మందమైన ఎరుపు కనిపించేదాకా తేవాలి. పోత ఇనుము రాడ్డు, ఫ్లక్సుతో గ్యాసు మంట మీద అతకాలి. ఆపైన వేడి బూడిదలోనో పొడి ఇసుకలోనో పూడ్చి ఒక రోజంతా చల్లారనివ్వాలి. చల్లటి పద్ధతిలోనైతే నికెల్ రాడ్డుతో ఒక్కో అంగుళం మాత్రమే కొట్టి, వేడిగా ఉండగానే చిన్న సుత్తితో తట్టి, చెయ్యి పెట్టగలిగేదాకా ఆగి మళ్ళీ కొట్టాలి. ఈ చల్లటి పద్ధతి హెడ్డు బయటి గోడకు బాగా పనికొస్తుంది. పని చేసేటప్పుడు 300 డిగ్రీలు దాటే బ్రిడ్జి దగ్గర దాన్ని నేను అంతగా నమ్మను. మూడో దారి మెటల్ స్టిచింగు. వేడి లేకుండా పగులు పొడవునా వరసగా రంధ్రాలు వేసి, మరలు కోసి, ఒకదాన్ని ఒకటి కొంత కొరికేలా పిన్నులు బిగిస్తూ పోతారు. వేడి లేదు కాబట్టి హెడ్డు వంగదు. ఓపికా, ప్రత్యేకమైన పిన్నులూ కావాలి, చేసేవాళ్ళు పెద్ద ఊళ్ళలోనే ఉంటారు.

మీ మిస్త్రీని నొప్పించకుండా మూడు ముక్కలు అడగండి: ఏ రాడ్డు వాడతావు, ఎలా వేడి చేసి ఎలా చల్లారుస్తావు, అయ్యాక ప్రెషర్ టెస్టు చేసి చూపిస్తావా? పోత ఇనుము రాడ్డు పేరు చెప్పి, కొలిమి సంగతి చెప్పి, టెస్టుకు ఒప్పుకుంటే అతనికి పని తెలుసు. మూడో దానికి నవ్వేసి ఊరుకుంటే హెడ్డు వెనక్కి తెచ్చుకోండి. 7,000 అన్న లెక్కలో ఏమేం ఉన్నాయో కూడా విడదీసి అడగాలి. వేడి వెల్డింగు తరవాత గైడ్లు, సీట్లు, ముఖం అన్నీ మళ్ళీ మెషీను మీదికి ఎక్కాల్సిందే. అవన్నీ కలిపితే అది 7,000 దగ్గర ఆగదు. కొత్త హెడ్డు ధరలో సగం దాటి, పైన గ్యారంటీ కూడా లేదంటే బేరం గిట్టుబాటు కాదన్నది నా లెక్క. పగులు నాజిల్ రంధ్రంలోకి పోయినా, ఎగ్జాస్టు గొట్టం లోపలికి పాకినా, రెండు సిలిండర్లలో ఉన్నా అసలు ఆలోచించకండి, హెడ్డు మార్చడమే. రేడియేటరులో పసుపు, లీకు ఆపే పొడి, బ్రిడ్జికి ఎం-సీల్ లాంటి సలహాలు కూడా మీకు వచ్చే ఉంటాయి. సిలిండరులోని ఒత్తిడి ముందు అవి ఆగవు. పసుపు, పొడి ఆ ఇరుకు నీటి దారుల్నే ఇంకాస్త మూసేస్తాయి.

ఫేసింగు గురించి ఒక భయం ఉంది: ఎక్కువ కొడితే కంప్రెషను పెరిగి ఇంజిను పాడవుతుందని. మీలాంటి డైరెక్టు ఇంజెక్షను ఇంజిన్లలో మంట మండే గిన్నె పిస్టను తలలో ఉంటుంది, హెడ్డు అడుగు బల్లపరుపు. అందుకని ఫేసింగు వల్ల కంప్రెషను పెద్దగా మారదు. ప్రమాదం ఇంకోచోట ఉంది. ఎంత మందం గీశామో వాల్వులు, నాజిల్ మొన అంత పిస్టను వైపు దిగుతాయి. వాల్వు ముఖం హెడ్డు ముఖం కంటే ఎంత లోపల ఉండాలో మాన్యువల్లో కొలత ఇస్తారు, డెప్త్ గేజితో ప్రతి వాల్వుకూ చూసి, తక్కువైతే సీటు ఇంకాస్త కోయాలి. నాజిల్ మొన ఎక్కువ బయటికి వస్తే మంట పిస్టను గిన్నెలో పడాల్సిన చోట పడదు, పొగ వస్తుంది. దానికి సరైన మందం ఉన్న రాగి వాషరు వెయ్యాలి. ఒకసారికి 0.1 నుంచి 0.2 మిల్లీమీటరు గీస్తే చాలాసార్లు ముఖం శుభ్రపడుతుంది. ఇదివరకు ఎన్నిసార్లు గీశారో ఎవరికీ గుర్తుండదు కాబట్టి హెడ్డు మందాన్ని నాలుగు మూలలా కొలిచి మాన్యువల్లోని కనిష్ఠంతో పోల్చండి. కనిష్ఠానికి దగ్గరగా ఉంటే బాగు చేయించడం మీద డబ్బు పెట్టకండి.

పాత సామాన్ల దుకాణంలోని 10,000 హెడ్డును తీసిపారేయనవసరం లేదు. దానికీ ఇవే పరీక్షలు. ముందు పోతలో వచ్చిన నంబరు మీ పాత హెడ్డు నంబరుతో సరిపోవాలి. ఒకే మోడల్లో కూడా నీటి రంధ్రాల చోటు మారిన హెడ్లుంటాయి. కొంత బయానా ఇచ్చి, ప్రెషర్ టెస్టు బాగుంటేనే మిగతాది ఇస్తామనే షరతుతో తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆ హెడ్డు ఎందుకు అక్కడికి వచ్చిందో ఆలోచించండి. ట్రాక్టరు బోల్తాపడి విప్పేశారా, లేక మరిగి విప్పేశారా?

కొత్తది వేసినా, కొత్తదే కదా అని నిశ్చింతగా ఉండకండి. 38,000లో సీట్లు, గైడ్లు వచ్చాయా, ఒట్టి పోత వచ్చిందా బిల్లులో చూడండి. కొత్త హెడ్డుకు కూడా వాల్వులు గ్రైండింగు పేస్టుతో పట్టించాలి, వాల్వు లోతు కొలవాలి, నీటి దారుల్లో పోత ఇసుక లేకుండా కడగాలి.

ఏ హెడ్డు ఎక్కించినా కింద లైనర్ల ఎత్తు చూడకపోతే నెల తిరక్కుండా ప్యాకింగు పోతుంది. నీళ్ళు తగిలే లైనర్లు బ్లాకు ముఖం కంటే కొద్దిగా పైకి ఉంటాయి, చాలా ఇంజిన్లలో 0.03 నుంచి 0.10 మిల్లీమీటరు లోపు. డయల్ గేజితో మూడింటినీ కొలిపించండి. ఒకటి దిగబడి ఉంటే, ముఖ్యంగా రెండోది, మీ బుడగలకు అదీ ఒక కారణమై ఉండొచ్చు. బోల్టు రంధ్రాల్లో నీరు, ఆయిలు నిలిచి ఉంటే గాలితో ఊదించండి. అలాగే బిగిస్తే ఆ ద్రవమే బ్లాకును చీల్చగలదు. బోల్టులు మధ్యనుంచి చివరలకు, మూడు విడతల్లో, టార్క్ రెంచితో, మాన్యువల్లోని అంకెకు. రెంచికి పైపు తొడిగి ఒంటి బలంతో లాగే మిస్త్రీ ఎంత పాతవాడైనా అతని చేత ఈ పని చేయించకండి. ప్యాకింగు రకాన్ని బట్టి ఇంజిను వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించాల్సి ఉంటుంది, ఆ తరవాత ట్యాపెట్లు (వాల్వుల సందు) మళ్ళీ చూడాలి.

ఆయిలు ఎలా ఉందో మీరు రాయలేదు. డిప్ స్టిక్ తీసి చూడండి. తెల్లగా నురగ కట్టి ఉంటే నీళ్ళు కలిశాయి, ఆ ఆయిలుతో ఒక్క నిమిషం కూడా ఇంజిను ఆడించకండి, బేరింగులు పోతాయి. మామూలుగా కనిపించినా ఆయిలు, ఫిల్టరు మార్చే తీరాలి.

రేడియేటరు పని హెడ్డు ఎక్కించక ముందే ముగించండి. విప్పించి రాడింగు (గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం చెయ్యడం) చేయించాలి. గొట్టాల మధ్య ఇరుక్కున్న పొట్టును ఇంజిను వైపు నుంచి బయటికి గాలి కొట్టి తీయాలి, ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి పోతుంది. బ్లాకు నీటి గదినీ కడిగించాలి. కొత్త మూత మీ రేడియేటరుకు చెప్పిన ఒత్తిడిదే కొనండి. ఫ్యాను బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు దిగాలి. నీళ్ళ బదులు కూలెంటు, శుద్ధి చేసిన నీళ్ళతో సగానికి సగం. మన వంశధార లోయలో నీళ్ళు గడ్డకట్టే చలి లేదు, అయినా తుప్పునూ సున్నాన్నీ ఆపేది అదే, మరిగే వేడిని కొంచెం పైకి నెట్టేదీ అదే. బోరు నీళ్ళు ఇక పోయకండి. ఈ పనులన్నీ అయ్యాక మూత తీసి ఉంచి ఇరవై నిమిషాలు స్లోలో ఆడించండి. గాలి పోయేదాకా మొదట్లో కొన్ని బుడగలు వస్తాయి, ఆగకుండా వస్తూనే ఉంటే పని మళ్ళీ మొదటికొచ్చినట్టే.

అన్నయ్యతో మాట. ఆయన కోపంలో న్యాయం బొత్తిగా లేకపోలేదు, ఆయన సొమ్ము పెట్టిన బండి మడిలో ఆగిపోయింది. కానీ మూత, థర్మోస్టాటు, సంక్రాంతి నుంచి తగ్గుతున్న నీళ్ళు మీ చేతిలోని విషయాలు. ఇవి ఆయన ముందు మీరే ఒప్పుకుంటే, బావమరిది మీద పడే బరువు దానంతటదే తేలికవుతుంది. ఆ కుర్రాడు ఏదో ఒకటి ఇస్తానంటే బకెట్ల పాపానికి ఫేసింగు ఖర్చో, ప్యాకింగు సెట్టో ఇవ్వనివ్వండి. మొత్తం అతని నెత్తిన వేస్తే ఇంట్లో మీ ఆవిడతో తెగే వ్యవహారం 38,000ది కాదు. అది మీకు తెలుసు కాబట్టే ఉత్తరం రాశారు. మిగతాది అన్నదమ్ములు ఎలా పంచుకోవాలన్నది మీ లెక్క: బండి కిరాయి రాబడి ఎవరికి ఎంత పోతోందో ఆ దామాషాలో మరమ్మతు కూడా పోతే ఎవరికీ నొప్పి ఉండదు.

కాలం గురించి కూడా ఆలోచించాలి. పరీక్షకు హెడ్డు బరంపురం పోయి రావడం, సీటు పని, రేడియేటరు, అన్నీ కలిపి వారం తేలిగ్గా పడుతుంది. వేడి వెల్డింగయితే ఇంకా ఎక్కువ. మీ సొంత మడుల దమ్ముకు ఈలోగా పక్క బండి కిరాయికి పెట్టుకోండి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసి చూస్తే కొత్త హెడ్డుకూ, పాతది బాగు చేయించడానికీ ఉన్న తేడా కొంత తగ్గుతుంది. కిరాయిలు ఒప్పుకున్న రైతులకు ముందే ఒక మాట చెప్పెయ్యండి. ఉభాల తొందరలో బుడగలతోనే బండి తోలి నాలుగు ఎకరాలు చేసేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి, సిలిండరులోకి దిగిన నీరు పిస్టను మీద నిలిచి స్టార్టు చేసిన క్షణంలో కనెక్టింగ్ రాడ్డు వంగగలదు.

పరీక్షలు అయ్యాక మళ్ళీ రాయాలనిపిస్తే నాలుగు అంకెలు రాయండి: ముఖం వంపు ఎంత, హెడ్డు మందం ఎంత, మూడు లైనర్ల ఎత్తు ఎంతెంత, బుడగలు ఎక్కణ్ణించి వచ్చాయి. పోత నంబరు కూడా జోడించండి.